మాస్టారు వద్దన్న సుఖాలు

ఈ దేశం ఎక్కడుందని అడక్కండి. పటంలో వెతికితే దొరకదు, పేరు చెబితే అక్కడివాళ్లు "మాది కాదండీ, పక్కవాళ్లది" అనేస్తారు. ఒక అధ్యక్షుడు, ఒక కార్యదర్శి, గదులనిండా ఫైళ్లు ఉన్నాయి కనుక దేశమేనని నమ్మండి. అందరూ తెలుగే మాట్లాడతారు. అది నా సౌకర్యం. సౌకర్యాల గురించి కథ చెబుతున్నవాడికి ఆమాత్రం ఒకటైనా ఉండొద్దూ?

ఆ దేశాధ్యక్షుడికి జీతం మాట అలా ఉంచండి, అది పెద్ద లెక్కలోది కాదు. అసలు సంగతంతా సౌకర్యాల్లో ఉంది. మొత్తం నూట పద్నాలుగు. తెల్లవారి అయిదున్నరకి నిద్రలేపే బ్యాండుమేళం ఒకటో సౌకర్యం. గడ్డం గీసే మంగలి రెండోది. తొమ్మిది రకాల ఫలహారం, ఆ తొమ్మిదింటినీ ముందుగా రుచి చూసే అధికారి, రెండు గుర్రాల బండి, వారానికోసారి వచ్చే ఇద్దరు వైద్యులు, ఇలా సాగుతుంది. ప్రతి సౌకర్యాన్నీ అధ్యక్షుడు అనుభవించినట్టు ఏ రోజుకారోజు ఒక పట్టికలో రాయాలి. దాని పేరు అనుభవ పట్టిక. ముప్ఫై రోజులపాటు ఏ సౌకర్యం ఎదుటైనా గడి ఖాళీగా ఉండిపోయిందా, ఆ సౌకర్యం రద్దు. దాని మీద బతికే ఉద్యోగాలూ రద్దు.

ఆ పట్టిక రాసే గుమాస్తా ఉప్పులూరి కోదండపాణి. నలభయ్యారేళ్లవాడు. పదమూడేళ్లుగా ఇంకొకరి సుఖాలని గుండ్రటి అక్షరాలతో నమోదు చేస్తున్నాడు గానీ, తొమ్మిది రకాల్లో ఒక్క రకం వాసన కూడా ఎరగడు. దానికి అతనికేం చింత లేదు. అయిదున్నరకి ఆఫీసు మూస్తారు, ఆరుంపావుకి రైలు గేటు అవతల రెండు గదుల ఇంట్లో ఉంటాడు, భార్య శేషారత్నం కంచం పెడుతుంది. పిల్లల్లేరు. పెళ్లయిన ఇరవయ్యొక్కేళ్లలో ఒకరు లేకుండా ఇంకొకరు రాత్రి అన్నం తిన్న రోజు లేదు. మిగతాది ఎలా ఏడిచినా, అది ఒక్కటీ ఉంటే చాలనుకునే మనిషి.

అలాంటి సమయంలో పరాంకుశం మాస్టారు అధ్యక్షుడయ్యారు.

ఆయన ముప్ఫయ్యెనిమిదేళ్లు బడిలో లెక్కలు చెప్పారు. భార్య పోయి నాలుగేళ్లయింది. మొదటి రోజున సౌకర్యాల కార్యదర్శి కొమరగిరి భుజంగరావు వెండి పళ్లెంలో నూట పద్నాలుగు సౌకర్యాల జాబితా పెట్టి తెస్తే, మాస్టారు కళ్లజోడు సవరించుకుని ఆసాంతం చదివి, "ఇవన్నీ నాకెందుకు నాయనా? ఓ మంచం, ఓ చెంబు, ఉప్మా చేసుకోడానికి ఓ పొయ్యి ఇప్పించండి" అన్నారు. అని, తోట చివర పాడుపడ్డ కాపలావాడి గదిలోకి వెళ్లిపోయారు.

దేశం పరవశించిపోయింది. మాస్టారు తన చొక్కాకి తానే గుండీ కుట్టుకుంటున్న ఫొటో అన్ని పత్రికల్లోనూ వచ్చింది. వారం తిరిగేసరికి మంత్రులందరూ గుండీలు కుట్టుకోవడం మొదలెట్టారు. పాడి పరిశ్రమ మంత్రిగారి చొక్కాకి గుండీలన్నీ సలక్షణంగా ఉంటే, పత్రికలవాళ్లు వచ్చేలోపు ఒకటి పీకించుకోవలసి వచ్చింది.

సౌకర్యాల విభాగంలో మాత్రం చావుకబురు విన్నట్టుంది. అనుభవ పట్టికలో నూట పద్నాలుగు గడులూ ఖాళీ. ఇరవై రెండో రోజున భుజంగరావు సిబ్బందినంతా పిలిచాడు.

"అధ్యక్షులవారి నిరాడంబరత జాతికి గర్వకారణం. అందులో అభిప్రాయభేదం లేదు. అయితే, సదరు నిరాడంబరత మరో ఎనిమిది రోజులు ఇదే విధంగా కొనసాగిన పక్షంలో మూడువందల పన్నెండు ఉద్యోగాలు నియమానుసారం అంతరించును. తగు సూచనలను లిఖితపూర్వకంగా సమర్పించవలసింది."

"నియమం మారిస్తే సరిపోదాండీ?" అన్నారెవరో వెనకనుంచి.

"మార్చవచ్చును. నియమాల సవరణ సంఘం ఆరేళ్లకొకసారి సమావేశమగును. నిరుడే సమావేశమైంది."

కోదండపాణికి మంగలి కనకయ్య గుర్తొచ్చాడు, బ్యాండులో సన్నాయి ఊదే ముసలాయన గుర్తొచ్చాడు. జాలిగుండె మనిషి. మధ్యాహ్నమంతా పాత ఫైళ్ల గదిలో దుమ్ములో కూర్చుని ఒకటి పట్టాడు. నలభయ్యేళ్ల కిందట ఒక అధ్యక్షుడు కాలు విరిగి రెండు నెలలు వైద్యానికి విదేశం వెళితే, బండి గుర్రాలు తిని కూర్చుని మొండికేశాయట. అందుకని అధ్యక్షుడికి బదులు ఒక ఉద్యోగిని రోజూ బండెక్కించి తిప్పారు, తిప్పినట్టు పట్టికలో రాశారు, ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. కోదండపాణి సంబరంగా ఒకటిన్నర పేజీ నోట్ రాశాడు. గుర్రపు బండికి చెల్లిన పద్ధతి మిగతా నూట పదమూడింటికీ చెల్లదా అని దాని సారాంశం.

"ఇవాళ మూడొందల పన్నెండు కుటుంబాల్ని నిలబెట్టాను" అన్నాడు ఆ సాయంత్రం కంచం ముందు కూర్చుంటూ.

"మనింటిక్కూడా కాస్త మిగిల్చారా?" అంది శేషారత్నం, వంకాయ కూర వడ్డిస్తూ.

మర్నాడు నోట్ మంజూరైంది. అధ్యక్షుడికి బదులు సుఖపడే ఆ ఉద్యోగి ఎవరన్నదే మిగిలింది. మాస్టారి కొలతలకి ఆరు జతల బట్టలు, నాలుగు జతల బూట్లు అప్పటికే తయారై ఉన్నాయి. దర్జీ వచ్చి విభాగంలో అందరినీ వరసగా నిలబెట్టి టేపు పెట్టాడు. భుజంగరావు పొట్ట దగ్గర ఆగిపోయింది. మిగతావాళ్లు ఒకరు పొడుగు, ఒకరు పొట్టి. కోదండపాణికి మాత్రం అచ్చుగుద్దినట్టు సరిపోయాయి, బూట్లతో సహా.

"ప్రత్యామ్నాయ అనుభోక్త" అని హోదా ఇచ్చారు. తోటి గుమాస్తాలు "నక్కతోక తొక్కొచ్చావురా" అన్నారు. కోదండపాణి పైకి వద్దు వద్దంటూనే లోలోపల పొంగిపోయాడు. ఎందుకు అబద్ధం? మీరైనా నేనైనా అంతే. నాలుగు పేజీల ఫారం ఇస్తే, తొమ్మిది రకాల ఫలహారాన్ని తలుచుకుంటూ నాలుగు చోట్లా గబగబా సంతకాలు పెట్టేశాడు.

మొదటిరోజు ఫలహారం బాగానే తిన్నాడు. బండెక్కి ఊరేగాడు. మధ్యాహ్నం పదమూడు రకాల భోజనం చేశాడు. సాయంత్రం అయిదున్నరకి బూట్లు విప్పి, చెప్పులేసుకుని, అలవాటు ప్రకారం గొడుగు చంకన పెట్టుకుని గేటు దాకా వచ్చాడు. కాపలావాడు సెల్యూట్ కొట్టాడు గానీ గేటు తియ్యలేదు. భుజంగరావు వెనకే వచ్చాడు.

"నలభయ్యొకటవ సౌకర్యం, శయనాగారం. రాత్రి పది నుండి తెల్లవారుజాము అయిదున్నర వరకు అనుభవించవలసి ఉంది. ఒకటవ సౌకర్యమైన బ్యాండుమేళం నిద్రిస్తున్న వ్యక్తిని మాత్రమే లేపగలదు."

"ఇవాళొక్కరోజేనాండీ?"

"పదవీకాలం అయిదు సంవత్సరాలు."

"మా ఆవిడ ఒక్కతే ఉంటుందండీ ఇంట్లో."

భుజంగరావు చేతిలో ఫారం తెరిచి మూడో పేజీ చూపించాడు. "తమరు సంతకం చేసినారు. అనుభోక్త అన్ని విషయాలలోనూ అధ్యక్షులవారి స్థితినే కలిగి ఉండును. అధ్యక్షులవారు భార్యావియోగులు. అందుచేత అధికారికంగా తమరూ భార్యావియోగులే. మా సానుభూతి."

ఆ రాత్రి కోదండపాణి ముందు పదకొండు రకాలు పెట్టారు. ముద్ద దిగలేదు. తినకపోతే గడి ఖాళీ అవుతుందని వంటాయన బతిమాలితే, పెరుగన్నం మాత్రం కలుపుకుని కళ్లు తుడుచుకుంటూ తిన్నాడు.

సందర్శకుల రోజు నెలకొకటి. శేషారత్నం రూపాయి కాసంత బొట్టు పెట్టుకుని, పట్టుచీర కట్టి, నాలుగు గిన్నెల క్యారియర్ పట్టుకుని వచ్చింది. ఆ బొట్టు ఎవరికి చూపించడానికో కాపలావాడికి కూడా అర్థమైంది. పుస్తకంలో 'బంధుత్వం' అన్న చోట భార్య అని రాయబోతే అతను నెమ్మదిగా అడ్డుకున్నాడు.

"అయ్యగారికి భార్య లేరమ్మా. రికార్డులో పోయారు."

"పోయినదాన్ని ఇంత ఎండలో నడిచొచ్చానా?"

"అలా కాదులెండి. దేశ పౌరురాలని రాయండి. పావుగంట ఇస్తారు."

పౌరురాలి హోదాలో ఆమెని పొడుగాటి బల్ల ఆ చివర కూర్చోబెట్టారు. ఈ చివర కోదండపాణి, పక్కన భుజంగరావు. క్యారియర్ ముందుగా రుచి చూసే అధికారి దగ్గరికి వెళ్లింది. ఒక్కో పదార్థంలో ఒక్కో గిన్నెడు పరీక్షించాలని నియమం. ఆమె తెచ్చిందే గిన్నెడు. ఆయన మూతి తుడుచుకుంటూ ఖాళీ క్యారియర్ తెచ్చి, "విషమేం లేదమ్మా. గుత్తివంకాయ మహా బాగుంది" అన్నాడు.

శేషారత్నం ఆయనకేసి ఒక చూపు చూసి, భర్త వైపు తిరిగింది. "చిక్కిపోయారేంటండీ?"

"వైద్యులండీ కారణం" అన్నాడు కోదండపాణి. ఆమెని అండీ అనడం అలవాటు లేదు గానీ పౌరులతో మర్యాదగా మాట్లాడాలని నియమం. "జబ్బు లేకపోతే చికిత్స అనుభవించినట్టు రాయడం కుదరదట. ఇద్దరూ కూర్చుని ఆలోచించి దగ్గు ఖాయం చేశారు. మంగళవారం మంగళవారం దగ్గుతున్నాను. మందు చేదు."

"పౌరురాలు తమ అర్జీని సమర్పించవచ్చును" అన్నాడు భుజంగరావు గడియారం చూసుకుంటూ.

"అర్జీయా? రాసుకోండి. మా ఆయన్ని మాకిప్పించండి."

కోదండపాణి లేవబోయాడు. భుజంగరావు అతని ముందుకి ఒక కాగితం జరిపాడు. అర్జీలకి అనుభోక్త చెప్పవలసిన జవాబు దాని మీద అచ్చయి ఉంది. కోదండపాణి దాన్ని చదివాడు, ఇరవయ్యొక్కేళ్ల కాపురం ఎదురుగా కూర్చుని ఉండగా చదివాడు.

"మీ విజ్ఞప్తి పరిశీలనలో ఉంది."

శేషారత్నం క్యారియర్ తీసుకుని వెళ్లిపోయింది. వెనక్కి తిరిగి చూడలేదు.

తర్వాతి వారం ఎనభయ్యెనిమిదో సౌకర్యం వచ్చింది. అధ్యక్షుడి కీర్తిశేషురాలైన అర్ధాంగి సంస్మరణ దినం. తెల్లపూల దండ, సన్నాయి మీద విషాద రాగం, అరపూట దుఃఖం. ఫొటో ముందు కోదండపాణిని నిలబెట్టారు. ఆవిడెవరో అతనికి తెలీదు. అయినా సన్నాయి మొదలయ్యేసరికి, రైలు గేటు అవతల ఒక్కతే కంచం ముందు కూర్చున్న మనిషి కళ్లకి కట్టింది. వెక్కి వెక్కి ఏడ్చాడు. భుజంగరావు ఎంతో సంతృప్తిపడి, ఆ గడిలో "సంపూర్ణంగా అనుభవించబడినది" అని తన చేత్తో రాశాడు.

ఇంతవరకూ ఎలాగో ఓర్చుకున్నాడు. చివరి ఫైలుతో మాత్రం పై ప్రాణాలు పైనే పోయాయి.

ఆ ఉదయం భుజంగరావు, అతని వెనక సర్వేయరు, గొలుసు పట్టుకుని ఇద్దరు కూలీలు వచ్చారు. "నూట పద్నాలుగవ సౌకర్యం. నదీతీరమున సమాధి స్థలం, నల్లరాతి వేదిక సహితంగా. తమ ఎత్తు నమోదు చేయవలసి ఉంది. దయచేసి ఇలా పడుకోండి."

కోదండపాణి పడుకోలేదు. "ఇది కూడా అనుభవించాలాండీ?"

"నియమం నియమమే కదా. అయితే దీనికి ముప్ఫై రోజుల గడువు వర్తించదు. పదవీకాలం లోపల ఎప్పుడైనా సరే. తొందరేమీ లేదు, తమ వీలు చూసుకుని."

"నాకేం జబ్బు లేదండీ."

"దగ్గు ఉంది" అన్నాడు భుజంగరావు, గుర్తు చేస్తున్నట్టుగా.

ఇరవై ఏడో సౌకర్యం తోటలో గంటసేపు విహారం. కోదండపాణి ఆ పూట విహరించలేదు. పంచె ఎగగట్టి పరుగెత్తాడు, తోట చివరి గదికి. సోమవారాలు మాస్టారు ఎవరొచ్చినా మాట్లాడతారు, ఆ రోజు సోమవారమే. గది ముందు జనం బారులు తీరి ఉన్నారు. అందరికంటే ముందు, పొద్దున్నే వచ్చి నిలబడ్డ మనిషిని చూసి అతను ఎగగట్టిన పంచె దించుకున్నాడు. శేషారత్నం.

"పరిశీలనలో ఉందన్నారుగా" అంది ఆమె. "పరిశీలించేవాడెవడో చూసిపోదామని వచ్చాను."

ఇద్దరూ కలిసే లోపలికి వెళ్లారు. మాస్టారు ఉప్మాలోకి ఉల్లిపాయలు తరుగుతున్నారు. కూర్చోమని చాప చూపించారు. శేషారత్నమే మొదలెట్టింది.

"మాస్టారూ, మీరు దేవుడిలాంటి మనిషని లోకమంతా అంటోంది. నేనూ అన్నాను, ఫొటో చూసి. కానీ మీరు వద్దన్న సుఖాలన్నీ ఎక్కడికి పోయాయనుకున్నారు? మా ఆయన నెత్తినెక్కాయి. మీ బదులు ఈయన తింటున్నాడు, పడుకుంటున్నాడు, దగ్గుతున్నాడు. మీ ఇంటావిడ పోయిందని నన్ను కూడా చంపేశారు, కాగితం మీద. మీరు ఒంటరిగా ఉండటానికి ఒక చెంబు చాలింది. దానికి నా కాపురం ఖర్చయింది."

మాస్టారి చేతిలో సగం తరిగిన ఉల్లిపాయ అలాగే ఉండిపోయింది. కోదండపాణి అప్పుడు గుర్రాల ఫైలు మొదలు నల్లరాతి వేదిక దాకా అన్నీ చెప్పాడు. చెబుతూ చెబుతూ, ఆ మొదటి నోట్ రాసింది తనేనని కూడా దాచకుండా చెప్పాడు.

"ఆ రోజు సన్నాయి వినిపించింది" అన్నారు మాస్టారు. "ఎవరింట్లోనో ఏదో అనుకున్నాను. మా ఆవిడ సుందరికని తెలీలేదు." కళ్లు ఒత్తుకున్నారు. "ఉల్లిపాయలమ్మా, ఏం లేదు. ముప్ఫయ్యెనిమిదేళ్లు పిల్లలకి తీసివేతలు చెప్పాను. పై అంకె చాలకపోతే పక్కింటి నుంచి అప్పు తెస్తాం, పక్కింట్లో ఒకటి తగ్గుతుంది, అది మర్చిపోయారో లెక్క తప్పుతుంది అని బెత్తం పుచ్చుకుని మరీ చెప్పాను. ఆ తప్పు నేనే చేశాను."

"రద్దు చేయించెయ్యండి అన్నీ" అంది శేషారత్నం.

"చేయిస్తే కనకయ్య ఏం తింటాడు?" అన్నాడు కోదండపాణి. ఆమె అతనికేసి విసుగ్గా చూసింది. అయినా కాదనలేదు.

మాస్టారు లేచి, పొయ్యి ఆర్పారు. ఆ పెద్ద పడకగదంటే తనకి భయమనీ, అంత మంచం మీద ఒక్కడూ పడుకోవడం చేతకాకే ఈ గదికి వచ్చాననీ, నిరాడంబరత అన్నది పత్రికలవాళ్ల మాటనీ చెప్పారు. తర్వాత చెంబు తీసుకుని, పెద్ద భవనం వైపు నడిచారు.

కథ అక్కడితో అయిపోతే అది దేశమే కాదు. మాస్టారు నూట పద్నాలుగు సౌకర్యాలూ స్వీకరిస్తున్నట్టు సంతకం చేశారు. కోదండపాణిని విడుదల చెయ్యమని ఆజ్ఞ వేశారు. భుజంగరావు ఫైలు తెచ్చి తల గోక్కున్నాడు.

"ఉద్యోగి భార్యావియోగి అని రికార్డులో ఉంది. సంబంధమేమీ లేని స్త్రీ గృహమునకు ప్రభుత్వ ఉద్యోగిని పంపుట అసభ్యం. రికార్డు దిద్దుటకు అవకాశం లేదు. అయితే భార్యావియోగి పునర్వివాహం చేసుకొనుటకు అభ్యంతరం లేదు."

గురువారం పొద్దున్న రిజిస్ట్రారు ఆఫీసులో పెళ్లి. సాక్షి సంతకానికి మాస్టారే వచ్చారు, గుర్రబ్బండిలో, మొహం చేదుమందు తాగినట్టు పెట్టుకుని. రిజిస్ట్రారు కళ్లజోడు పైనుంచి చూశాడు.

"వధువు మెడలో తాళి ఉందే. ఎవరిదది?"

"ఈయనదే."

"ఈయన భార్య పోయిందని రాశారు."

"పోయాను. వచ్చాను. మీ పని కానివ్వండి బాబూ."

"ఉప్పులూరి కోదండపాణిని భర్తగా స్వీకరించడం మీకు సమ్మతమేనా?"

శేషారత్నం మాట్లాడలేదు. రిజిస్ట్రారు కలం పట్టుకుని ఆగాడు. భుజంగరావు దగ్గాడు. ఆమె ఒక్క మాట కాదంటే నియమాల్లో ఇక కోదండపాణికి ఇల్లంటూ లేదు.

"కిందటిసారి నన్నెవరూ అడగలేదు" అంది ఆమె నిదానంగా. "మా నాన్న సరేనన్నాడు, పెళ్లయిపోయింది. ఈసారి అడిగారు కదా, కాసేపు ఆలోచించుకోనివ్వండి."

మాస్టారు నవ్వాపుకోలేక కిటికీవైపు తిరిగారు. ఆమె పూర్తిగా అయిదు నిమిషాలు ఆలోచించుకుంది. అంత సేపూ భర్తనే చూస్తూ ఆలోచించుకుంది.

"ఇకమీద ఏ కాగితం మీదైనా సంతకం పెట్టమంటే?"

"చదివి పెడతాను."

"చదివితే చాలదు. చదువుకున్నవాళ్లే కదా ఇంతదాకా తెచ్చారు. నన్నడిగి పెట్టండి."

"అలాగే."

"అయితే సమ్మతమే" అంది. కోదండపాణి అందరి ముందూ ఆమె చెయ్యి పట్టుకున్నాడు. అది ఏ నియమంలోనూ లేదు.

సిటీ బస్సులో ఇద్దరికీ పక్కపక్కన సీట్లు దొరికాయి. ముందు సీటు పెద్దమనిషి పేపరు విప్పాడు. మొదటి పేజీలో మాస్టారి ఫొటో, పెద్ద బల్ల ముందు, తొమ్మిది గిన్నెల మధ్య.

"చూశారాండీ" అన్నాడాయన వెనక్కి తిరిగి. "పట్టుమని రెణ్ణెల్లు కాలేదు, అప్పుడే సుఖం మరిగాడు. గుండీలు కుట్టుకోవడమంతా నాటకమన్నమాట. తొమ్మిది రకాలట, ఫలహారం. సిగ్గుండాలి."

బస్సులో నలుగురైదుగురు అవునవునన్నారు. ఒకామె, తన మొగుడు ముందే చెప్పాడంది. కోదండపాణి జవాబు చెప్పబోయాడు.

శేషారత్నం ముందుకి వంగి ఆ పేపరు మీద చెయ్యి వేసింది.

"ఆయన్నేం అనకండి నాయనా" అంది. "పాపం, మా కోసం తింటున్నాడు."